స్టిక్కరు వెనక తారీకు

“...పాటలు నందాల్లో ఇస్తే నాలుగు దినాల్లో చేతిలో పెడతారని చెప్తాంటే నీకు చెవికెక్కదేందన్నా?”

“ఆరేండ్లు కూర్చోని టైపు చేసింది ఆమె. ఇప్పుడు పీక్కోనిపోయి ఇంగొకరికి ఇస్తే బాగుంటాదా? నువ్వే చెప్పు స్టీఫెనూ.”

“బాగుండేది బాగుండనిది కాదన్నా. పుస్తకం అయితాదా కాదా? శనివారం దాటిందంటే ప్రార్థన కూటాలకు పుస్తకం లేనట్టే.”

మాట్లాడుకుంటున్న ఇద్దరూ సగం ఎత్తిన షట్టరుకు వీపు పెట్టి మెట్ల మీద నిలబడ్డారు. లోపల టేబులు కింద దూరి తీగలు సర్దుతున్న లూదియా అక్కడే ఆగిపోయింది. కదిలితే కుర్చీ చప్పుడవుతుంది. నిదానంగా మాట్లాడేది చర్చి సంఘం కార్యదర్శి జీవరత్నం. గొంతు పెంచేది స్టీఫెన్, బడిపంతులు, ఏడాది కింద కమిటీలోకి వచ్చినవాడు.

కాసేపాగి లూదియా షట్టరు పూర్తిగా ఎత్తింది. ఇద్దరూ పక్కకు జరిగారు.

“ఏమ్మా లూదియా, పొద్దన్నే వచ్చినావే,” అన్నాడు జీవరత్నం.

“తీగలు వదులైనాయన్నా, చూస్తాండా.”

“ఫణీంద్ర పది గంటలకు వస్తాండాడంట గదక్కా,” అన్నాడు స్టీఫెన్. “ఈ పొద్దన్నా పడతాదేమో చూడు. మేం నాలుగింటికి వస్తాం.”

వాళ్లు వెళ్లిపోయాక లూదియా ఆ మాటను పట్టుకుని కూర్చుంది. వస్తున్నానని కంప్యూటర్ల ఫణీంద్ర ఆమెకు ఫోన్ చేసింది నిన్న సాయంత్రం. ఆమె ఎవరికీ చెప్పలేదు, భర్త ఏసయ్యకు కూడా. మరి స్టీఫెన్‌కు ఎవరు చెప్పారు?

ఆళ్లగడ్డలో నాలుగు రోడ్ల కాడినుంచి అహోబిలం వైపు తిరిగితే ఎడమచేతి వరసలో ఆమె షాపు. పెండ్లి పత్రికలు, బళ్లకు ప్రశ్నపత్రాలు, సంతాప కార్డులు, జిరాక్సు. విగ్రహాలు చెక్కే కార్ఖానాల వాళ్లు శిలాఫలకాల మీద అక్షరాలు ఆమె దగ్గరే కొట్టించుకుంటారు. ఆమె తీసిచ్చిన కాగితాన్ని రాయికి అంటించి, గీత వెంబడి ఉలి నడుపుతారు. ఊళ్లో సగం ప్రారంభోత్సవాల అక్షరాలు ఆమె వేళ్ల మీదుగా పోయినవే. కింద ఆమె పేరు మాత్రం ఎక్కడా ఉండదు. రాయించినవాళ్ల పేర్లకే రాయి చాలదు.

కొలిమిగుండ్ల దగ్గర చిన్న పల్లె ఆమెది. నాయన మిషన్ బడిలో పంతులు. టైపు లోయరు, హయ్యరు రెండూ నంద్యాలలో పాసై, అక్కడే ఫ్రాన్సిస్ అనే ఆయన ప్రెస్సులో చేరింది. కంప్యూటరు మీద తెలుగు కొట్టడం ఫ్రాన్సిసే నేర్పాడు. ఏ వేలు ఏ మీటకు పోవాలో కళ్లు మూసుకుని చెప్పగలిగే దాకా వదిలిపెట్టలేదు. ప్రెస్సు మూసేసిన ఏడాది ఆయన ఆ కంప్యూటరును గోనెపట్టాలో చుట్టి, ఆళ్లగడ్డ బస్సు వెనక సీట్లో పెట్టించి ఆమెకు అప్పజెప్పాడు. రెండేళ్లకు ఆయన పోయాడు. కంప్యూటరు నడుస్తూనే ఉంది.

సంఘం పాటల పుస్తకం ఆమె చేతికి వచ్చి ఆరేళ్లయింది. అచ్చులో ఎక్కడా లేని పాటలవి. చుట్టుపక్కల ఏడు పల్లెల్లో ముసలమ్మలు కోతల కాలంలో, పెండ్లిళ్లలో కట్టి పాడుకున్నవి. రూళ్ల నోటుబుక్కుల్లో, మందుల చీటీల వెనక, కొన్ని నోటిమాటగానే వచ్చాయి. మొత్తం రెండువందల ఎనభై ఆరు. వాటిలో పదకొండు లూదియా వాళ్ల అవ్వ కట్టినవి. చివరి పేజీలో ‘అక్షరకూర్పు: లూదియా, ఆళ్లగడ్డ’ అని వేస్తామని జీవరత్నం మొదటి రోజే మాటిచ్చాడు.

మాటిచ్చినా ఆమెకు నమ్మకం తక్కువ. ఇదివరకొకసారి బడి వార్షికోత్సవ సంచిక మొత్తం ఆమే కూర్చింది. అచ్చుకని నంద్యాల పంపితే, వెనక అట్ట మీద కూర్పు, ముద్రణ రెండూ ప్రెస్సు పేరు మీదే అచ్చయి వచ్చాయి. అడిగితే, “పొరపాటైంది, ఈసారి వేస్తాం,” అన్నారు. ఆ ఈసారి రాలేదు. అప్పట్నుంచి ఆమె ఫైళ్లు బయటికి ఇవ్వడం మానేసింది. కాగితమే ఇస్తుంది.

ఇప్పుడు కాగితం చాలదన్నారు కమిటీ వాళ్లు. పిల్లలు ఫోన్లో చూసి పాడుతున్నారు, పుస్తకంతో పాటు పాటలు ఫోన్లోకి కూడా రావాలన్నారు. లూదియా కొట్టిన పాత అక్షరాలు ఫోన్లోకి పోతే తెలుగుగా కనబడవు. అర్థంలేని గుర్తులు, చుక్కలు వస్తాయి. అందుకని నంద్యాల నూనెపల్లెలో కంప్యూటర్ల షాపు పెట్టిన ఫణీంద్ర దగ్గర ఒక ప్లగిన్ కొన్నది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న పనిముట్టు అది. పాత అక్షరాలను ఫోన్‌కు అర్థమయ్యే అక్షరాలుగా మార్చేస్తుంది. మళ్లీ టైపు చేయాల్సిన పని లేదు.

మార్చాలంటే ముందు అది ఎక్కాలి. మొదటిసారి తెరిచినప్పుడు ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వరును ఒకసారి పలకరించి, కొన్నవాళ్లకిచ్చిన కీ నంబరు సరైనదేనని తేల్చుకోవాలి. అక్కడే ఆగుతోంది. పచ్చగీత ముప్పాతిక దాకా వచ్చి నిలబడుతుంది. తర్వాత ఎర్ర డబ్బా: ‘మొదటి అమరిక పూర్తి కాలేదు. సర్వరును నమ్మడం కుదరలేదు.’ రెండుసార్లు అదే అయింది. ఒకసారి ఫణీంద్రే వచ్చి చేశాడు, ఒకసారి ఫోన్లో చెప్తుంటే ఆమె చేసింది.

సరిగ్గా పదింటికి ఫణీంద్ర బండి మీద దిగాడు. ముప్పై ఏళ్లవాడు, నుదుట సన్నటి బొట్టు, భుజాన లాప్‌టాప్ సంచి.

“అక్కా, కాఫీ గీఫీ వద్దు. శిరివెళ్లలో తాగినా. పని చూద్దాం పా.”

“నేనేం పెడతానన్లేదే,” అంది లూదియా.

ప్లగిన్ పీకేసి మళ్లీ ఎక్కించాడు. లూదియా ఫోన్ నుంచి ఇంటర్నెట్ కలిపారు. పచ్చగీత వచ్చింది, ఆగింది. ఎర్ర డబ్బా.

“వైరస్ కాపలాది ఏమన్నా అడ్డం పడతాందేమో.” దాన్ని ఆపాడు. మళ్లీ ఎర్ర డబ్బా.

ఫణీంద్ర కుర్చీలో వెనక్కు వాలాడు. “ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. కీ ఇంగెవరికన్నా ఇచ్చినావా? వేరే ఊర్లో ఎవరన్నా తెలిసినోళ్లు, చుట్టాలు...”

“ఏందీ?”

“ఒక కీ ఒక మిషన్లోనే నడుస్తాదక్కా. రెండో చోట ఎక్కించినా ఇట్లాగే తంటా వస్తాది.”

“నేను కొన్న వస్తువు ఊరికి పంచిపెడతానా? నువ్వే ఇంగొకరికి అమ్మిన కీ నాకు అంటగట్టినావేమో, అది చెప్పు.”

ఫణీంద్ర ముఖం మాడ్చుకున్నాడు. “నా షాపు బోర్డు మీద మా తాత పేరుంది. అట్లా అనొద్దు.”

“నాకు మాత్రం తాత లేడా?”

అప్పుడన్నాడు ఫణీంద్ర, ఆమె ఎప్పుడంటాడా అని కాచుకున్న మాట. “పెన్‌డ్రైవులో పాటలు వేసిచ్చెయ్యక్కా. నందాల్లో నా మిషన్లో మార్చి తెచ్చిస్తా. నీకీ తలనొప్పి ఉండదు.”

లూదియాకు పొద్దున మెట్ల మీది మాట చెవిలో పడినట్టయింది. నందాల్లో ఇస్తే నాలుగు దినాలు. వీడు ఇక్కడ పడనీయడు. పడలేదని అక్కడికి తీసుకుపోతాడు. స్టీఫెన్ ఒక చివర, ఇతను ఇంకో చివర పట్టుకున్నారు. మధ్యలో ఉన్నది తన ఆరేళ్ల పని.

“పాటలు ఈడనే ఉంటాయి,” అంది.

“సరే. నీ ఇష్టం.” ఫణీంద్ర మళ్లీ తెర వైపు వంగాడు. కుడిచేతి కింది మూలకు మౌస్ పోనిచ్చాడు. ఆ మూలన రూపాయి బిళ్లకు రెండింతలున్న సిలువబొమ్మ స్టిక్కరు ఒకటి అంటించి ఉంది. ఎండకు అంచులు లేచాయి. “ఇదేందక్కా తెర మీద? దీని కింద ఏం కనబడ్లే.” గోరుతో అంచు పట్టుకున్నాడు.

“అది తీయొద్దు.”

గొంతులోని పదునుకు ఫణీంద్ర చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. “తీయన్లే. దేవుని బొమ్మ గదా.”

దేవుని బొమ్మే. దాని కింద కంప్యూటరు చూపించే తారీకు ఉంది.

ఫ్రాన్సిస్ తెలుగు కొట్టే సాఫ్ట్‌వేర్‌ను ఏడాది అనుమతి మీద కొన్నాడు. ఆ ఏడాది 2011 మార్చితో అయిపోయింది. ఆ తర్వాత కొత్తగా కొనే స్తోమత ఆయనకు లేదు, వాడడం మానేసే దారీ లేదు. గడువు తీరేలోపే కంప్యూటరులో తారీకు వెనక్కు తిప్పిపెడితే అది గడువు మీరలేదనుకుని నడుస్తుందని కనిపెట్టాడు. గోనెపట్టా కట్టే రోజు లూదియాను పక్కకు పిలిచి చెప్పాడు: “ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దన్నే, పనికి ముందు, సెప్టెంబరు ఒకటికి తిప్పు. సంవత్సరం 2010. ఎన్నడూ ముందుకు పోనీయొద్దు. గడువు దాటిన తారీకు ఒక్కసారి చూసిందంటే అది గుర్తు పెట్టుకుంటాది. మళ్లీ నువ్వు వెనక్కి తిప్పినా నమ్మదు.”

పద్నాలుగేళ్లుగా ప్రతి నెలా ఒకటో తేదీన ఆమె మొదట చేసే పని అదే. ఆ కంప్యూటరులో ఎప్పుడూ సెప్టెంబరే. లోపల ఉండే బిళ్ల బ్యాటరీ కూడా రెండేళ్లకోసారి తనే మార్చుకుంటుంది, ఇంకొకరిని డబ్బా విప్పనివ్వదు. ఒకసారి ఒక ముసలాయన మండల ఆఫీసుకు ఇచ్చే అర్జీలో కంప్యూటరు తనంతట తాను తారీకు వేసేసింది. ఆ ముసలాయన ఎండన పోయి, పాత అర్జీ అని తిప్పి పంపితే ఎండన తిరిగి వచ్చాడు. అప్పటినుంచి తారీకు వేయాలంటే గోడ క్యాలెండరు చూసి చేత్తో కొడుతుంది.

ఆ సంగతికీ ప్లగిన్‌కూ సంబంధం ఉండొచ్చని ఆమెకు తట్టలేదా అంటే తట్టింది. రెండోసారి ఎర్ర డబ్బా వచ్చినప్పుడే తట్టింది. కానీ చెబితే, గడువు తీరిన సరుకుతో ఇన్నేళ్లు షాపు నడిపిందని నంద్యాల దాకా పోతుంది. అంతకంటే ఫణీంద్రను అనుమానించడమే సులువుగా ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది.

మధ్యలో కార్ఖానా నుంచి మహానందయ్య వచ్చాడు. దుమ్ముతో తెల్లబడిన చేతుల్లో ఒక చీటీ.

“అమ్మా, శిలాఫలకం. పద్నాలుగు వరసలుండాది. బిరీన కావాల.”

“కొంచెం ఆగన్నా. ఈయనది అయిపోనీ.”

మహానందయ్య జిరాక్సు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని తెరను, ఫణీంద్రను మార్చి మార్చి చూశాడు. “ఏంది, ఇంగా పడలేదా? మొన్న స్టీఫెన్ సారు కూడా చెప్తాండె, ఆ మిషన్లో పడేట్టు లేదని.”

మొన్న. అంటే మూడో ప్రయత్నం మొదలు కాకముందే పడదని ఊరికి తెలుసు. లూదియా ఫణీంద్ర వైపు చూసింది. అతను లాప్‌టాప్ తెరుస్తున్నాడు.

“ఇదే కీ, ఇదే నీ ఫోన్ ఇంటర్నెట్, నా లాప్‌టాప్‌లో వేసి చూస్తా. ఆఖరు మెట్టు కాడ ఆపేస్తాలే, కీ ఈ మిషనుకు అంటుకోకుండా.”

పచ్చగీత ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో పోయింది. ‘కీ సరైనదే. ఈ కంప్యూటరులో నమోదు చేయాలా?’ అని అడిగింది. ఫణీంద్ర వద్దు అని నొక్కాడు.

“కీ మంచిదే. ఇంటర్నెట్టూ మంచిదే. ఇంగ ఉండేది నీ డబ్బాలోనే.”

ఆమె కంప్యూటరులో ప్లగిన్ ఫోల్డరు తెరిచాడు. అది చేసిన ప్రతి పనినీ వరసగా రాసిపెట్టుకునే చిన్న ఫైలొకటి అందులో ఉంటుంది. దాన్ని ఇదివరకు ఎందుకు చూడలేదో తనకే తెలియనట్టు తల గోక్కుని, తెరిచి కిందికి జరిపాడు. ఆగాడు. మళ్లీ పైకి జరిపాడు.

“అక్కా, ఈ వరస చదువు.”

లూదియా చదవలేదు. చదవాల్సిన పని లేదు.

“ఇంతకు ముందు మనం నొక్కింది. 2010 సెప్టెంబరు 13 అంటాంది.” ఫణీంద్ర నెమ్మదిగా స్టిక్కరు వైపు చూశాడు. ఈసారి చెయ్యి చాపలేదు. “సర్వరు చూపించే గుర్తింపు చీటీకి కూడా మొదలు తారీకు, ఆఖరు తారీకు ఉంటాయి. నీ మిషను అది చూసి, ఇంగా పుట్టని చీటీ తెచ్చినావే అంటాంది. అంతే. తారీకు దిద్దితే ఒక్క నిమిషం పని.”

మహానందయ్య ఇద్దరినీ చూసి, “టీ చెప్పేసొస్తా,” అని లేచి బయటికి పోయాడు.

అప్పుడు చెప్పింది లూదియా. ఫ్రాన్సిస్ గురించి, ఒకటో తేదీ గురించి, ముందుకు పోతే మళ్లీ నమ్మదన్న మాట గురించి. తల వంచలేదు, బతిమాలలేదు. ఫణీంద్ర అంతా విని, “అయితే దిద్దితే పాటలు మారతాయి గానీ నీ టైపింగుది పడుకుంటాది,” అన్నాడు.

“పడుకుంటాది.”

“పాత కీబోర్డు మళ్లా రాదు. కొత్తది నేర్చుకోవాల. మీటలు వేరే. పెండ్లిళ్లు ముందరుండాయి.”

“నాకు తెలుసు.”

“నేను అనుకున్నది వేరేక్కా. నువ్వు ఏందో దాస్తాండావని తెలుసు గానీ, కీ ఎవరికో ఇచ్చినావనే అనుకుంటి.”

“స్టీఫెన్‌కు నాలుగు దినాల సంగతి చెప్పింది నువ్వే గదా?”

ఫణీంద్ర లాప్‌టాప్ మూశాడు. “చెప్పినా. పడకపోతే ఎట్లా అని ఫోన్ చేసి అడిగినాడు. నందాల్లో అయితే నాలుగు దినాలు పడతాదంటి. ఉన్నది చెప్పినా.”

“నందాల్లో యాడ?”

“ఒక ప్రెస్సు.”

“ఎవరిది?”

“మా మామది.”

“ఈ మాట మొదట్లోనే చెప్పలేదే.”

“నువ్వు అడగలేదు. తారీకు సంగతి నువ్వు చెప్పినావా?”

లూదియా మౌస్‌ను పక్కకు తోసింది.

“పెన్‌డ్రైవు మాట ఇప్పుడూ అంటాండా,” అన్నాడు ఫణీంద్ర, సంచి జిప్పు లాగుతూ, వదులుతూ. “ఇచ్చినావంటే నా లాప్‌టాప్‌లో ఎక్కించి మారుస్తా. నీ పాతది నీకుంటాది, పాటలూ మారతాయి. మా మామకు చూపియ్యను. కాకపోతే కీ నా మిషనుకు అంటుకుంటాది, ప్రతిసారీ నాకాడికి రావాల. నమ్మితే ఇయ్యి, లేకుంటే లేదు.”

అతని ముఖంలో ఆమె చాలాసేపు వెతికింది. అబద్ధం కనబడలేదు. నిజం కూడా కనబడలేదు. అప్పట్లో బడి సంచికను అచ్చుకు తీసుకుపోయినవాడు కూడా ఇట్లాగే సంచి జిప్పు లాగుతూ నిలబడ్డాడు.

మహానందయ్య టీ గ్లాసులతో వచ్చాడు. లూదియా కంప్యూటరు తన వైపు తిప్పుకుంది. “నీది కొట్టేస్తా ఉండన్నా.”

పద్నాలుగు వరసలు. వేళ్లు వాటంతట అవే పోయాయి. ఒత్తులు, దీర్ఘాలు, పొడి అక్షరాలు ఏవీ వెతుక్కోకుండానే పడ్డాయి. ఫణీంద్ర టీ తాగుతూ ఆ వేళ్లనే చూశాడు. చివరి వరస దగ్గర ఆమె తలెత్తి గోడ క్యాలెండరు చూసింది.

“తారీకు సరిగ్గా కొట్టమ్మా,” అన్నాడు మహానందయ్య. “రాతి మీద పడినాక దిద్దేదానికి కాదు.”

ఆమె కొట్టి, రెండుసార్లు సరిచూసి, కాగితాలు తీసిచ్చింది. ఇంకా ఏమేం మిగిలాయో ఆర్డర్ల పుస్తకంలో చూసుకుంది. రెండు పెండ్లి పత్రికలు, ఒక ప్రశ్నపత్రం. అవి కూడా కొట్టింది. అన్నం తినలేదు. ఫణీంద్ర రోడ్డు దాటి పోయి తినొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

నాలుగింటికి జీవరత్నం, స్టీఫెన్ వచ్చారు. స్టీఫెన్ చెప్పులు విడవకుండా గడప మీదే నిలబడ్డాడు.

“పడిందాక్కా?”

“పడలే.”

“నేను పొద్దన్నే చెప్తి గదన్నా,” అన్నాడు స్టీఫెన్ జీవరత్నంతో. ఆమె వైపు తిరిగి, “పెన్‌డ్రైవు ఇచ్చెయ్యక్కా. ఫణీంద్ర ఎట్లాగూ పోతాండాడు గదా, ఆయన చేతనే పంపుదాం. నీ పేరు యాడికీ పోదు. నేనుండా,” అన్నాడు.

జీవరత్నం నేల చూశాడు. ఫణీంద్ర ఆమె వైపు చూశాడు.

లూదియా తెర కింది మూలన ఉన్న స్టిక్కరును అంచు పట్టుకుని లాగింది. సగం వచ్చి, సగం జిగురుగా అంటుకుపోయింది. మిగిలిన దాన్ని గోరుతో గీకేసింది. లేచి, కుర్చీని ఫణీంద్ర వైపు జరిపింది.

“ఈ పొద్దు తారీకు పెట్టు ఫణీంద్రా,” అంది.